మైకు ముందు సారవ్వ

దేశాన్నేలే పెద్దాయన ఎన్నికలు రద్దు చేసి మూడేళ్లయింది. అప్పటి నుంచి గోదావరిఖనిలో ఆయన సభ ఏది జరిగినా ఆడవాళ్లనే బస్సులెక్కిస్తున్నారు, మగవాళ్లకు డ్యూటీలున్నాయని. ఆడవాళ్లకు పనులే లేనట్టు!

సారవ్వకు ఒళ్లు మండిపోతోంది. నెత్తిమీద ఎండ, ఒంటిమీద వాళ్లిచ్చిన పసుపు చీర, పక్కన పూలమ్మ సణుగుడు. జైళ్లలో పెట్టినవాళ్ల పేర్లు గోడమీద రాసిందని, డిగ్రీ చదివే బిడ్డ మమతనూ జైల్లో వేసి ఐదు వారాలైంది. ఈ రోజు సభలో తల్లి మైకు ముందు నిలబడి, "నా బిడ్డ తప్పు చేసింది, క్షమించండి" అంటే సాయంత్రానికి వదిలేస్తారట.

"అనెయ్యక్కా, ఒక్క మాటకు నీ సొమ్మేం పోతది?" అంది పూలమ్మ పదోసారి.

"నీ నోరు జర మూస్తవా? నా బిడ్డ ఇంటికి రావాలని నాకు లేదా!"

జైలుకు చూడబోయిన ములాఖత్‌లో మమత ఒకటే చెప్పింది. "అట్లంటే నీతోని మాట్లాడ." తల్లిని చంపుకుతినే పిల్ల!

అధికారి పిలిచాడు. సారవ్వ వేదికెక్కి మైకు పట్టుకుంది. "నా బిడ్డ..." అంది. పసుపు కొంగుతో మొహం తుడుచుకుంది.

అంతలో బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగింది. ముందు వరుసలోంచి పూలమ్మ లేచి చీర దులుపుకుంది.

"గా మాట నేను వినలేనక్కా. మా ఇంటాయన డ్యూటీ దిగుతడు, బువ్వ పెట్టాలె," అని గట్టిగా అని బయటికి నడిచింది.

ఆమె వెనక పక్కింటి జమున లేచింది. ఆ తర్వాత వరుసకు వరుసే లేచింది. ఆపబోయిన పోలీసులను, "బువ్వ నువ్వు పెడతవా అన్నా?" అని అడిగారు. అన్నం పెట్టబోయే ఆడదాన్ని ఏ చట్టం కింద పట్టుకోవాలో పాపం వాళ్లకెవరూ చెప్పలేదు. కాసేపట్లో మైదానమంతా ఖాళీ కుర్చీలే.

పొద్దున్నుంచీ చెవి కొరికింది ఈ పూలమ్మేనా! సారవ్వకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నువ్వు చెప్పమ్మా, రికార్డవుతోంది," అరిచాడు అధికారి. "చెప్పకపోతే నీ కూతురు రాదు."

సారవ్వ మైకును దగ్గరికి లాక్కుంది. "నా బిడ్డ తప్పు చెయ్యలే," అంది మైకులోనే. "అది రాకుంటే నన్నే దాని తాన్కి తోలుకపోండ్రి. ఐదు వారాలాయె, దాని తల ఎవ్వలు దువ్వుతున్నరో ఏమో."

ఇద్దరు మహిళా పోలీసులు చెరో చెయ్యి పట్టుకున్నారు.

"గుంజకుండ్రి, వస్తున్న," అని విసుక్కుంటూ మెట్లు దిగింది సారవ్వ.