డబ్బాలో దూది

సంకటి కెలుకుతున్నాను. ఫైసన్ లోపలికొచ్చి, నా మొహం చూడకుండానే "డబ్బా తెచ్చావా?" అన్నాడు. పొద్దుట్నించీ తిరుగుతూనే ఉన్నదాన్ని, తిన్నావా అని మాత్రం అడగలేదు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆ మాట కోసం ఆశపడే నాకు సిగ్గులేదు.

తెచ్చాను. ఒక్కటే. జోంబా కొండకు ఇవతల మా క్లినిక్‌లో ఎయిడ్స్ మందులకు ఇవాళే ఆఖరి రోజు. ఎక్కడో దూరదేశం వాళ్ళు పంపే డబ్బు ఆగిపోయిందట. రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళకు మనిషికో మూడు నెలల డబ్బా ఇచ్చి, "ఇది అయిపోయాక ఎక్కడికెళ్ళాలో నాకూ తెలీదక్కా" అంది నర్సు టమాండా. పదకొండేళ్ళు జీతం లేకుండా గడప గడపకీ తిరిగి మందు మింగించిన నాకూ అదే మాట. ఆ పనికని వాళ్ళిచ్చిన సైకిలు ఫైసన్ బొగ్గులమ్మడానికి తీసుకున్నాడు. నేను నడిచే తిరిగాను.

ఫైసన్ పేరు రిజిస్టర్‌లో లేదు. చర్చిలో పాటల బృందానికి పెద్ద కదా, పరీక్షకు వెళ్తే పరువేం కావాలి? జ్వరాలతో బక్కచిక్కినప్పుడు నా డబ్బాలోంచి తీసి మింగడం మొదలుపెట్టాడు, కోలుకున్నాడు. టమాండా జాలిపడి ఇన్నాళ్ళూ చూసీచూడనట్టు ఇంకో డబ్బా నా సంచిలో వేసేది. ఇవాళ వెయ్యడానికి లేదు. "పరుగెత్తుకెళ్ళి ఆయన్ని తీసుకురా. నాలుగింటిలోపు పరీక్ష చేసి పేరు రాస్తాను. ఒక డబ్బా ఇద్దరు మింగితే ఎవరికీ పనిచెయ్యదు, ఊరందరికీ చెప్పినదానివి" అంది.

మధ్యాహ్నం ఎండలో ఇంటికి పరుగెత్తుకొచ్చి అతని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఆ ఆడాళ్ళ లైన్లో నన్ను నిలబెట్టి ఊరంతా నవ్వించాలనా? నీ డబ్బా ఇస్తారుగా. పంచుకుంటే అరిగిపోతావా?"

గుమ్మంలో చిల్వా సరస్సు చేపలు ఏరుకుంటున్న అత్తయ్య తలెత్తకుండానే అంది: "మొగుడు తిన్నాక మిగిలింది తినడం ఆడదానికి కొత్తా ఏం?"

కొత్త కాదు. ఇన్నేళ్ళూ గిన్నె అడుగు గీరుకునే బతికాను. కానీ ఇది సంకటి కాదు, గీరడానికి అడుగున ఏమీ మిగలదు.

మొగుళ్ళకు తెలియకుండా మందు మింగే ఆడవాళ్ళకు నేనే నేర్పాను, డబ్బాలో దూది కుక్కండి, నడిచినప్పుడు మాత్రలు గలగలమనవు అని. మా ఇంట్లో ఆ అవసరం లేదని లోలోపల గర్వపడేదాన్ని కూడా. ఇవాళ మళ్ళీ ఒంటరిగా క్లినిక్‌కి వెళ్ళి, నా డబ్బా తీసుకుని తిరిగొస్తూ దారి పక్కన కూలబడి అందులోనూ దూది కుక్కి, నడుం గుడ్డలో దాచుకున్నాను. మందు లేక ఇతను పోతాడు. ఈ డబ్బా అయిపోయాక నేనూ పోతానేమో. ఎంత ఏడ్చినా ఆ లెక్క మారలేదు.

"నిన్నే. ఏదీ డబ్బా?" అన్నాడు ఫైసన్ మళ్ళీ.

"ఇవ్వలేదు. అయిపోయాయట."

ఎప్పటిలాగే ముందు అతనికే వడ్డించాను. పళ్ళెం పట్టుకుని అతని దాకా నడిచాను. నా నడుం గుడ్డలోంచి ఏ చప్పుడూ రాలేదు.