చిలకకు మాత్రం సెలవు

నాకు నోరెక్కువని బడిలో అందరికీ తెలుసు. మా పెద్దసారుకి మరీ బాగా తెలుసు. అలాంటిదాన్ని, ఆ రోజు ఆయన మాటకి ఒక్క ప్రశ్న వేసి నోరు మూసుకున్నాను. అదే ఇప్పుడు నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఆయన చెప్పింది ఇది. గురువారం దేశమంతటా నాలుగో తరగతి పిల్లలకి చదువు సర్వే. ముందెప్పుడూ చూడని పేజీ చేతికిచ్చి చదవమంటారు. బడికి రాని పిల్లల్ని లెక్కలోకి తీసుకోరు.

"అందుకని టీచరుగారూ, చదవలేనివాళ్ళని ఆ రోజు రావద్దనండి. జ్వరమో, తలనొప్పో, ఏదో ఒకటి," అన్నారు పెద్దసారు టీ ఊదుకుంటూ.

"సర్వేలో వెనకబడిన బడికి చదవడం నేర్పడానికే ఒక టీచర్ని వేస్తామన్నారు కదండీ?"

"ఆ టీచరు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. మెమో మాత్రం మర్నాడే వస్తుంది."

నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. నవ్వాక ఇంక పోట్లాడే మొహం ఎక్కడుంటుంది?

చదవలేనివాళ్ళెవరో తేల్చడానికి పిల్లల్ని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి కొత్త పేజీ చదివించాను. నిజం చెప్పాలంటే అలా ఒక్కొక్కరి చేతా చదివించడం అదే మొదటిసారి. మూడో తరగతీ, నాలుగో తరగతీ ఒకే గదిలో నావే. మధ్యాహ్నం అయ్యేసరికి ఆఫీసువాళ్ళకి ఆ వివరం కావాలి, ఈ వివరం కావాలి. సిలబస్ ఎంతవరకూ వచ్చిందని అడిగినవాళ్ళే గానీ, పిల్లలకి ఏం వచ్చిందని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అందుకని నేనో ఉపాయం చేసుకున్నాను. పాఠం ఒకసారి నేను చదివేదాన్ని. తర్వాత ముందు బెంచీలో పిల్ల ఒక్కో వాక్యం అనేది, క్లాసంతా ఆ వెంటే అరిచేది. నేను బల్ల దగ్గర నా కాగితాల పని చూసుకునేదాన్ని. గది హోరెత్తిపోతుంటే దారినపోయేవాళ్ళు కూడా ఆహా అనుకునేవాళ్ళు.

ఆ ముందు బెంచీ పిల్ల మా చెల్లెలి కూతురు. చిలక అని పేరు పెట్టింది నేనే. ఇంట్లో పెద్దమ్మా అనాలి, బడిలో టీచర్ అనాలి అని దానికి మొదటిరోజే గట్టిగా చెప్పాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

దాని వంతు చివర్లో వచ్చింది. అది చదవకపోవడమేమిటని పేజీ ఊరికే ఇచ్చాను. బస్సు ఎక్కిన ముసలాయన కథ అది. చిలక మొదటి వరుస కింద వేలు పెట్టింది. గొంతు సవరించుకుంది. క్లాసులో రోజూ అరిచే వాన పాఠం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. వేలు చక్కగా వరుస వెంట జరుగుతూనే ఉంది.

ఆ పేజీలో వాన మాటే లేదు.

"ఇదేమక్షరమే?" అన్నాను ఒకదాని మీద వేలు పెట్టి.

అది నా మొహంలోకి చూసింది. అక్షరం వంక చూడలేదు, నా పెదాల వంక చూసింది. నేను అంటే తనూ అందామని.

రెండేళ్ళు! నా కళ్ళెదురుగా, నా చెల్లెలి పిల్ల. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని బాగుచేస్తానని బయలుదేరిన మహాతల్లిని. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. ఆ కోపం నా మీదే ఉంచుకుంటే సరిపోయేది. "గురువారం నువ్వు రావద్దు, నీకు జ్వరం," అన్నాను దాంతో.

గురువారం పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఉంది. ఉతికిన యూనిఫారం, బిగించి వేసిన రెండు జడలు. వాళ్ళమ్మకి ఏమీ చెప్పినట్టు లేదు. సర్వేవాళ్ళ కారు అప్పుడే లోపలికి వచ్చింది.

"టీచర్, నాకు జ్వరం లేదు," అంది నుదుటి మీద చెయ్యి పెట్టుకు చూసుకుని.

"ఉంది. వెళ్ళు."

"కొంచెం కూడా లేదు టీచర్."

"ఉందన్నానా! ఇంటికి పో, అమ్మకి నేనే చెప్పానను."

వెళ్ళింది. మలుపు దగ్గర ఆగి మళ్ళీ నుదురు తడిమి చూసుకోవడం నాకు కనిపించింది. నేను లోపలికి వెళ్ళి, ఖాళీ బెంచీలు తెలియకుండా మిగిలిన పిల్లల్ని దూరం దూరంగా సర్ది కూర్చోబెట్టాను.

ఇంకేం, చుట్టుపక్కల బళ్ళన్నిట్లో మాదే మొదటి స్థానం. షీల్డు ఇవ్వడానికి ఆఫీసరు స్వయంగా వచ్చాడు. పిల్లల తల్లిదండ్రులందరినీ పిలిచాం. మా చెల్లెలు కుట్టుమిషను కట్టిపెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చుంది. స్వాగత వాక్యాలు చిలకవే మరి. పెద్దసారే పట్టుబట్టారు. అది గలగలా చెప్పేసింది. ఆఫీసరు ముచ్చటపడిపోయాడు.

"భలే తల్లీ! ఇదిగో, ఈ షీల్డు మీద ఏం రాసుందో అందరికీ వినపడేలా చదువు," అని దాని చేతుల్లో పెట్టాడు.

పెద్దసారు మొహంలో నెత్తురుచుక్క లేదు. నేను దాని వెనకే ఉన్నాను. చిలక షీల్డు వంక చూడలేదు. తల కొంచెం వెనక్కి తిప్పి, పెదాలు కదలకుండా, "పెద్దమ్మా," అంది.

బడిలో అది నన్నలా పిలవడం అదే మొదటిసారి.

అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. ఈ పిల్లకి చదవడం రాదండీ, నేర్పలేదండీ, ఆ టీచర్ని మాకు పంపండి మహాప్రభో అని ఉండాల్సింది. ఎదురుగా మా చెల్లెలు మెడ సాచి చూస్తోంది. నేను గుసగుసగా, "చదువులో ఉత్తమ పాఠశాల," అన్నాను.

"చదువులో ఉత్తమ పాఠశాల!" అంది చిలక, హాలు మారుమోగేలా.

చప్పట్లు. మా చెల్లెలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆఫీసరు మైకు అందుకుని, చదవడం నేర్పే టీచరు పోస్టు ఒకటే ఉందనీ, ఇక్కడ ఆ అవసరం లేదు కాబట్టి పక్క బడికి వేస్తున్నామనీ సంతోషంగా చెప్పాడు. పెద్దసారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చేతులు వాటంతటవే కొట్టాయి.

మీటింగు అయ్యాక చెల్లెలు కుట్టుపని ఉందని ముందే వెళ్ళిపోయింది. చిలకని నేను తీసుకెళ్ళాను. వీధి మలుపు తిరిగాక నా వేలు పట్టుకుంది.

"పెద్దమ్మా, ఆ రోజు నేను రాలేదు కాబట్టే మనకి షీల్డు వచ్చింది కదా?"

అది నన్ను ఓదారుస్తున్నట్టు వేలు నొక్కింది.

"పరవాలేదులే. మళ్ళీ వాళ్ళొచ్చినప్పుడు చెప్పు. అప్పుడూ రాను."

దాని గొంతులో అలక లేదు. బడికి తనవంతు సాయం చేస్తానంటోంది, అంతే. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇంత చదువూ చదివి, ఇన్నేళ్ళూ పాఠాలు చెప్పి, నేను ఒక పిల్లకి పూర్తిగా వచ్చేలా నేర్పింది ఇదొక్కటే.

ఇంట్లో మిషను టకటకలాడుతోంది. చెల్లెలు తలెత్తకుండానే, "చూశావా అక్కా, దాని గొంతు ఎంత ఖంగుమందో!" అంది.

"మిషను ఆపవే."

"ఈ ఒక్క అంచూ..."

"ఆపమన్నానా!"

ఆపింది. అంతా చెప్పాను. వాన పాఠం దగ్గర్నుంచి గుసగుస దాకా, ఆ టీచరు పక్క బడికి వెళ్ళిపోవడం దాకా. రేపు ఆఫీసుకి వెళ్ళి ఆ ఆఫీసరుకీ ఇదే చెప్తానన్నాను, మెమో కాదు, ఉద్యోగం పోయినా సరేనన్నాను. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది.

చెల్లెలు చేతిలోని గుడ్డని మడతపెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

"నువ్వున్నావు కదా అనే," అంది, "నేనెప్పుడూ దాని పుస్తకం తీసి చూడలేదక్కా."