పది టైల్స్‌కి ఒకసారి

నా బామ్మర్దికి లైను చూడటం రాదని పద్నాలుగేళ్లు నమ్మాను.

నేను టైల్స్ మేస్త్రీని. వాడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. సిమెంటు పాళ్లు తెలుసు, మూల కోత కోస్తే వేలు పెట్టి తడిమినా గరుకు తగలదు. కానీ నేను పది టైల్స్ వేశానో లేదో, గది అవతలి నుంచి ఒకటే కేక.

"బావా, ఓసారి లేచొచ్చి చూడు. నీ లైను వంకరపోయినట్టుంది."

నా లైను వంకరపోవడమా! తాపీ పక్కన పడేసి, విసవిసా గుమ్మం దాకా నడిచి, ఒక కన్ను మూసి చూసేవాణ్ణి. లైను దారం పట్టినట్టు ఉండేది. "అవి కళ్లా గోళీలా?" అని నాలుగు తిట్టి మళ్లీ మోకాళ్ల మీద కూర్చునేవాణ్ణి. మరో పది వేశాక మళ్లీ అదే కేక. ఒకసారి విసుగెత్తి వాణ్ణి కళ్లద్దాల షాపుకి లాక్కెళ్లాను. చూపు దివ్యంగా ఉందన్నాడు షాపువాడు. ఆ షాపువాడి చూపు మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

వాడికి నత్త అని పేరు పెట్టి అందరి ముందూ అలాగే పిలిచేవాణ్ణి. వాడు నవ్వేవాడే తప్ప పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఈ ఏడు ఒక పిల్లల లైబ్రరీ హాలు ఒప్పుకున్నాం. పని మొదలైన మూడో రోజే వాడి భార్యకి కాన్పయింది. మూడు వారాలు రానన్నాడు. పీడా పోయిందనుకున్నాను. పిలిచేవాడు లేడు, లేపేవాడు లేడు. పొద్దున కూర్చుంటే భోజనానికే లేవడం. హాలు పని పరుగులు పెట్టింది.

మూడో వారంలో కుడి మోకాలి చిప్ప మీద నిమ్మకాయంత వాపు తేలింది. కూర్చుంటే నిప్పు మీద పెట్టినట్టుంది. మా మామగారు గుర్తొచ్చారు, ఆయనా ఈ పనే చేసేవారు. నలభై ఎనిమిదో ఏట తాపీ కింద పెట్టి మళ్లీ ఎత్తలేదు. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. నాకిప్పుడు నలభై ఏడు. నాకు ఈ పని తప్ప మరొకటి రాదు.

"తమ్ముడికి చెప్పాను, వాడు తీసుకెళ్తాడు. అక్కడైనా కాస్త నోరు అదుపులో పెట్టుకోండి" అంది మా ఆవిడ.

ఆస్పత్రి బల్ల మీద నా పక్కన బంతాట ఆడే కుర్రవాడు, లిగమెంట్ తెగి ఆపరేషన్ కోసం కూర్చున్నాడు. వాడి పక్కన మోకాలి గుజ్జు అరిగిన పెద్దావిడ. బరువు తగ్గి రోజూ నడవమన్నారట, నొప్పి భరించలేనప్పుడు ఇంజెక్షనట. ఆవిడ చెబుతున్నదంతా నా గురించే అనిపించి అటు తిరిగి కూర్చున్నాను. బామ్మర్ది మాత్రం నా చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్స్‌రే గది దాకా వెంట వచ్చాడు.

డాక్టరమ్మ మోకాలు వంచి, నొక్కి, ఎక్స్‌రే చూసింది.

"ఇది కీలు లోపలిది కాదు. చర్మానికీ చిప్పకీ మధ్య ఒక పల్చటి సంచి ఉంటుంది. ఒత్తిడికి అది వాచి నీరు పట్టింది."

"ఆపరేషనా అమ్మా?"

"అక్కర్లేదు. నీరు తీసి పరీక్షకి పంపిస్తాను. నెల రోజులు మోకాలు నేలకి ఆనకూడదు. ఐసు పెట్టండి, తొడ కండరాలకి వ్యాయామం చెయ్యండి. ఎర్రబడినా, జ్వరం వచ్చినా వెంటనే రండి. తగ్గాక మెత్తటి ప్యాడ్లు కట్టుకుని పనిలోకి వెళ్లొచ్చు."

పనిలోకి వెళ్లొచ్చు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆవిడ ఎక్స్‌రేని మళ్లీ వెలుగుకి పట్టింది.

"ఇరవై ఏళ్లు నేల మీద పనిచేసిన మోకాలిలా లేదే! లోపల గుజ్జు భద్రంగా ఉంది. మధ్యమధ్యలో లేచి నడుస్తారా?"

"నాకా అలవాటెక్కడిది? ఈ నత్తగాడికి లైను కనపడదు. పది టైల్స్‌కోసారి లేపుతాడు, ఛస్తూ లేస్తాను."

"ఈ మధ్య కూడా లేచారా?"

"లేదు. మూడు వారాలుగా వాడు పనికి రాలే..."

మాట పూర్తి కాలేదు. డాక్టరమ్మ వాడి వైపు చూసింది. వాడు నా చెప్పుల వైపు చూస్తున్నాడు.

బయట వరండాలో నిలదీశాను. "నీకు లైను కనపడుతుందా లేదా?"

"కనపడుతుంది బావా."

"మరి?"

"నాన్నని లేపి నిలబెట్టేవాళ్లలో నేనొకణ్ణి కదా. అక్క కూడా అలా నిన్ను పట్టుకుని లేపాల్సొస్తుందేమోనని భయమేసింది. కాసేపు లేచి నడువు అంటే నువ్వు వింటావా? కొట్టడానికొస్తావు. లైను వంకర అంటే మాత్రం పరిగెత్తుకొస్తావు." చెప్పులు నా కాళ్ల ముందు పెట్టాడు. "తిడితే తిట్టావులే. లేచావు కదా."

పద్నాలుగేళ్లుగా నేను పెట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాటన్నింటినీ నా మోకాళ్ల కోసం మింగాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగాను. కళ్లు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండటం మంచిదైంది. ఆ రోజు నుంచి నత్త అనే మాట నా నోట రాలేదు.

నెల రోజులు పొద్దునా సాయంత్రం మంచం మీద కాలు చాచి ఎత్తి దించాను. మా ఆవిడ పక్కన నిలబడి లెక్కపెట్టింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది, వాపు తీసింది. లైబ్రరీ హాలు సగానికి పైగా వాడే వేశాడు.

ఐదో వారం పనిలోకి వెళ్లాను. ప్యాడ్లు కట్టుకుని, గోడ పట్టుకుని, భయంభయంగా కుడి మోకాలు నేలకి ఆనించాను. నొప్పి లేదు. ఎవరికని చెప్పను, ఎంత హాయి! టైల్ పక్కన టైల్ వేసుకుంటూ పోయాను. పది అయ్యాయి. పన్నెండు అయ్యాయి. కేక వినిపించలేదు.

తల తిప్పి చూశాను. వాడు అవతలి మూలన మోకాళ్ల మీద వంగి పనిచేస్తున్నాడు. నాకు అంతా తెలిసిపోయింది కాబట్టి ఇక పిలవక్కర్లేదనుకున్నాడు కాబోలు. పసిబిడ్డ ఏడుపుకి నిద్ర లేని మొహం. ఎప్పుడు కూర్చున్నాడో ఏమో, వాణ్ణి లేపేవాళ్లెవరూ లేరు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా వాడి మోకాళ్ల సంగతి నేను అడగలేదు.

తాపీ కింద పెట్టాను.

"ఒరేయ్! లేచొచ్చి చూడరా, నీ లైను వంకరపోయినట్టుంది."

వాడు లేచాడు. ఒక్క క్షణం ఒళ్లు విరుచుకుని, కాళ్లు విదిలించుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇద్దరం చెరో కన్ను మూసి చూశాం. రెండు వైపులా లైను దారం పట్టినట్టుంది.

"నిజమే బావా, కొంచెం వంకరే" అన్నాడు.

"ఇంకో పది వేశాక మళ్లీ చూద్దాంలే" అన్నాను.