రెండు వేళ్ళ చోటు

పొద్దున్నే ఆడగుర్రాల పాలు పితికి, చేతులు తుడుచుకుని, ఊల్కాన్ మొగుడి తుపాకి పట్టుకుని గట్టు దిగేది. నూరడుగుల దూరంలో సున్నం పూసిన రాయి. ముందు తూటా లేకుండా, గొట్టం మీద నాణెం పెట్టి ట్రిగ్గర్ నొక్కేది. నాణెం పడకపోతేనే తూటా ఎక్కించేది. ఎలుగుల కోసం చేసిన పెద్ద తుపాకి అది, పేలితే భుజం కమిలిపోయేది. తూటా మాత్రం రాయికి జానెడు పక్కకి పోయేది.

"తుపాకిలో లోపం లేదు వదినా," అన్నాడు మరిది ఒరొజాలి. తుపాకి మీది దుర్బీను మరలు తిప్పి అతను పేల్చిన మూడు గుండ్లూ రాయి నడుమే తగిలాయి మరి. "అన్న ఒంటెలాంటి మనిషి. భుజానికి ఆనించే ఈ కర్ర మడమ నీకు రెండు వేళ్ళు పొడుగు. రంపం తేనా?"

"తే, నీ చెయ్యి విరగ్గొడతాను."

ఆమె మొగుడు సాదిర్ కిందటేడు మంచు విరిగిపడి పోయాడు. అప్పట్నుంచీ ఆ అక్రోటు కర్ర మడమ చివర, సరిగ్గా రెండు వేళ్ళ మేర, వెచ్చగా ఉంటోంది. బంధువులొచ్చి, ఆత్మ వదిలిపోవాలని అర్చా చెట్టు కొమ్మల పొగ వేశారు. ఆ వెచ్చదనం పోలేదు. ఉండనీలే అని టీ తాగి వెళ్ళారు. ఊల్కాన్‌కి అదే పదివేలు. బతికున్నప్పుడూ అంతే, పక్కంతా తనే పరుచుకునేవాడు. మోచేత్తో పొడిచి "కాస్త జరుగు" అంటే గొణుక్కుంటూ జరిగేవాడు. తుపాకితో మాత్రం ఆ మాట ఆమె ఒక్కసారీ అనలేదు.

ఆ వారంలోనే, మంద మీద పడుతున్న ఎలుగు ఆమె రెండో గుర్రాన్ని కూడా చంపింది. మిగిలింది పిల్లతల్లి ఒక్కటే. అదీ పోతే కూతుర్ని తీసుకుని కొండ దిగి, పట్నంలో ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి. ఒరొజాలి తన మందతో మర్నాడే అవతలి లోయకు పోతున్నాడు.

మర్నాడు పొద్దున ఊల్కాన్ రాయికెదురుగా బోర్లా పడుకుని, మడమ చివర చెంప ఆనించి చాలాసేపు ఊరికే ఉండిపోయింది. తర్వాత లేచి సర్దుకుని, దాన్ని భుజానికి ఆనించుకుంది.

"ఏమయ్యా, కాస్త జరుగు," అంది. అలవాటుగా మోచెయ్యి కూడా కదిలింది.

కర్ర గొణిగినట్టు కిర్రుమంది. మడమ రెండు వేళ్ళు కుదించుకుపోయి భుజంలో ఒదిగింది. పేల్చింది. రాయి నడుమ సున్నం లేచింది.

వెళ్ళొస్తానని చెప్పడానికి ఒరొజాలి వచ్చాడు. "చివరికి కోసేశావా వదినా?"

"లేదు. మీ అన్నే జరిగాడు."

"ఎప్పుడూ నీ మాటే వినేవాడు," అన్నాడతను, గుర్రమెక్కుతూ.

నాలుగో రోజు ఎలుగు ఒక్క గుండుకే పడింది. గుర్రం దక్కింది, కొండ మీద గూడూ దక్కింది. ఊల్కాన్ మడమని తడిమి చూసింది. మామూలు కర్రలా చల్లగా ఉంది. అప్పుడేడ్చింది, ఏడాదిగా దాచుకున్నదంతా.

ఇప్పటికీ ఆమె పక్క అంచునే ముడుచుకుని పడుకుంటుంది. "ఇంత చోటుందిగా, ఇటు జరుగమ్మా," అంటుంది కూతురు. ఆమె జరగదు.