గోడకి బొట్టు

పై వాటా వాళ్ళ నీళ్ళగొట్టం కారి వకుళ వాళ్ళ పడగ్గది గోడకి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో ఒక ఆడమనిషి తయారవుతుంది. ముందు జడ వస్తుంది, తరవాత భుజాలు. నడుము దాకా వచ్చి, ఇటు తిరిగి ఆగుతుంది.

గోడ తనే బాగుచేస్తానని వకుళ మొగుడు శేషాచలం సెలవు పెడతాడు. కారే కుళాయికి వాషరు మార్చమని ఏళ్ళుగా చెబుతున్నా కదలని మనిషి. ఇప్పుడు తాపీ, గోకే రేకు, పుట్టీ డబ్బా ముందేసుకుని పొద్దున్నే గోడ ముందు కూచుంటాడు. పెచ్చులూడిన చోటల్లా గోకుతాడు. ఆవిడున్న మేర మాత్రం వేళ్ళతో తడుముతాడు.

"అక్కడ గోకరేం?" అంటుంది వకుళ.

"నొప్పి పుడుతుంది."

"ఆవిడ చెప్పిందా?"

"చెప్పాలా ఏమిటి? చూస్తే తెలీడం లేదూ?"

వకుళకి ఒళ్ళు మండిపోతుంది. తను పన్ను సలిపి దవడ పట్టుకుని కూచుంటే, లవంగం నమిలి పడుకోమని అటు తిరిగిన మహానుభావుడీయన. ఇప్పుడు ఫాను వేస్తే ఆవిడ ఆరిపోతుందని ఇంట్లో అందరూ చెమటలు కక్కాలి. అందరూ అంటే వకుళే.

పేరంటానికొచ్చిన మనిషిని మెడపట్టి గెంటక్కర్లేదు. బొట్టు పెట్టి తాంబూలం చేతికిస్తే తనే లేస్తుంది. శేషాచలం పుట్టీ కలపడానికి నీళ్ళకి వెళ్ళగానే వకుళ కుంకుమ భరిణె, రవికెల గుడ్డ, రెండు అరటిపళ్ళు పట్టుకొస్తుంది.

"ఇక బయల్దేరండి. మీ ఇంట్లో ఎదురుచూస్తూంటారు," అని గోడకి బొట్టు పెడుతుంది.

ఆవిడ మర్యాదగా తాంబూలం అందుకుంటుంది. "మీరూ పెట్టించుకోండి," అని భరిణెలో వేలు ముంచుతుంది. సవతి పెట్టినా సరే, బొట్టు కాదనకూడదు. వకుళ నుదురు ముందుకి పెడుతుంది.

ఆ వేలు చల్లగా ఉంది. చల్లదనం నుదుటి మీంచి చెంపలకి, మెడకి, భుజాలకి దిగుతుంది. ఆవిడ గడప దాటినట్టు గోడలోంచి ఇవతలికి వస్తుంది. ఆవిడ ఖాళీ చేసిన చోట్లోకి వకుళ వెళుతుంది. చోటు కాస్త ఇరుకు.

శేషాచలం బకెట్టుతో వచ్చి గోడ చూస్తాడు. "మొహం మారిందే," అంటాడు, అంతే. కూచుని వకుళ చెంప మీది పెచ్చు మెల్లిగా తీస్తాడు.

"నొప్పిగా ఉందా?"

పెళ్ళయినప్పటి నుంచీ వకుళ ఎదురుచూసిన మాట అది. నొప్పి లేదు. "ఉంది," అంటుంది, మళ్ళీ అడుగుతాడని.

అడుగుతాడు. తాపీ అంచున పుట్టీ తీసి, మెడ నుంచి పైకి, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు పూసుకొస్తాడు. వకుళకి ఇంత సుఖం ఎప్పుడూ లేదు.

గుమ్మంలో ఆవిడ వకుళ చీర కట్టుకుని నిలబడి ఉంది. పాదాల చుట్టూ నీళ్ళు మడుగు కడుతున్నాయి. అరటిపండు ఒలుస్తూ శేషాచలం చేతినే చూస్తోంది. ఆ చూపు వకుళకి బాగా తెలుసు.

ఆవిడ వెళ్ళి ఫాను వేస్తుంది.

వకుళ జడ కొస నుంచి ఆరుతూ, పొడిపొడిగా నేల మీద రాలుతుంది. తాపీ గడ్డం దాటి పెదాల మీదికి వస్తోంది.

"ఇంకా నొప్పిగానే ఉందండీ," అంటుంది వకుళ, గబగబా.