మహారాణి కొలతలు

"రొమ్ములకి ఆపరేషన్ చేయించుకుంటున్నాను పిన్నీ. పెద్దవిగా కనబడేందుకు" అనగానే, మా పిన్ని పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులన్నీ నేలమీద రాలాయి. నోటినిండా సూదులున్నా ఒక్కటి జారకుండా నలుగురిని తిట్టగల మనిషి. కటింగ్ బల్ల దగ్గర బాబాయి ఏమీ విననట్టు, గీసిన గీత మీదే మళ్ళీ సుద్దముక్కతో గీస్తున్నాడు.

"జబ్బేమైనా చేసిందా?" అంది పిన్ని.

"జబ్బేం లేదు."

"మరి బంగారంలాంటి ఒళ్ళు కోయించుకోవడానికి ఏం మాయరోగం నీకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బంగారంలాంటి ఒళ్ళట! ఈడొచ్చినప్పటి నుంచి నన్ను 'పలక' అని పిలుస్తున్నది ఎవరు? ఈవిడే కదా!

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నీ బాబాయిలే. మాది గౌన్లు కుట్టి కొట్లకు వేసే ఇల్లు. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో కటింగ్ బల్ల, కిటికీ పక్కన మహారాణి. మహారాణి అంటే మా అమ్మమ్మ ఎప్పుడో కొన్న కుట్టు బొమ్మ. ఇనప కడ్డీ మీద నిలబడి ఉంటుంది. తల లేదు, చేతులు లేవు, పెత్తనం మాత్రం అంతా ఆవిడదే. ఏ గౌనైనా ముందు మహారాణికి తొడగాలి. ఆవిడ ఒంటికి కుదిరితేనే ఆ కొలతతో కాగితం కత్తిరించి మిగతావన్నీ కుడతారు. మా ఇంట్లో టేపు మాట కన్నా మహారాణి మాటకే విలువ.

నేను ఎదిగాక, మహారాణి విప్పేసిన మొదటి గౌను నాకొచ్చేది. కుట్టేవాళ్ళ ఇంటి పిల్ల ఇంకొకరు కుట్టిన గౌను కొనుక్కుంటే పరువు పోదూ? అందుకని వేరేవాళ్ళ కుట్టు నా ఒంటి మీదకి ఎన్నడూ రాలేదు. మహారాణికి పోతపోసినట్టుండే గౌను నాకు వచ్చేసరికి ఛాతీ దగ్గర ఖాళీ సంచిలా వేలాడేది. పిన్ని ఆ వదులు బట్టని రెండు వేళ్ళతో పట్టి లాగి, "మహారాణికి సరిపోయిందే, నీకేం వచ్చింది? పలక!" అనేది. మిషన్ల దగ్గర వాళ్ళంతా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూ నవ్వుతూనే ఆ మాటని మింగేశాను. పెద్దయ్యాక ఎండాకాలంలో కూడా పైన కోటు లేకుండా గడప దాటలేదు.

అలా దాచుకుని దాచుకుని విసుగొచ్చి, ఓ రోజు ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నాన్చే మనిషి కాదు.

"లోపల పెట్టేవి జీవితాంతం ఉంటాయని అనుకోకండి. ఎప్పుడో మార్చాల్సి రావచ్చు. చుట్టూ గట్టిపడొచ్చు, స్పర్శ తగ్గొచ్చు, రేపు పిల్లలకి పాలివ్వడానికి ఇబ్బంది కావచ్చు. ఇవన్నీ తెలిసి చేయించుకుని హాయిగా ఉన్నవాళ్ళు నా దగ్గర చాలామందే ఉన్నారు. ఎవరో ఏదో అన్నారని చేయించుకున్నవాళ్ళు మాత్రం ఏడుస్తూ మళ్ళీ వచ్చారు. మీరు ఎవరికోసం చేయించుకుంటున్నారు?"

"నాకోసమే" అన్నాను టక్కున.

"ఎంత కావాలని ఉంది?"

"మా ఇంట్లో ఒకావిడ ఉంది. ఆవిడలా కావాలి."

"అయితే ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి, చూద్దాం."

"తీసుకొస్తే మీ హాల్లో ఒక్కరూ మిగలరండీ. ఆవిడకి తల లేదు."

సంగతి చెప్పాక ఆవిడ నవ్వలేదు. "కొలతలు తీసుకురండి. ఈలోగా ఇంకోసారి ఆలోచించుకోండి" అంది.

ఆలోచించడానికి ఏముంది! ఇంట్లో చెప్పేశాక వచ్చిన సెలవు రోజు మధ్యాహ్నం, పిన్ని నాతో మాట్లాడటం మానేసి మూతి ముడుచుకుని పడుకున్న సమయంలో, టేపు పట్టుకుని మహారాణి ముందు నిలబడ్డాను. టేపు జారకుండా ఛాతీ మీద గుండుసూది గుచ్చాను. అది గుండుదాకా దిగిపోయింది. నడుము దగ్గరైతే సూది మొన కూడా దిగదు, వంకర పోతుంది. ఛాతీ దగ్గర మహారాణి మెత్తన అని మా అందరికీ తెలుసు. ఎందుకు మెత్తన అని మాత్రం ఎవరం ఎన్నడూ అడగలేదు.

టేపు కాస్త బిగించి లాగేసరికి చంక కింద కుట్టు పటపటా ఊడింది. ఆ చీలికలోంచి దూది బయటికొచ్చింది. అయ్యో చింపేశానే అని లోపలికి తోయబోతే ఇంకాస్త వచ్చింది. పట్టి లాగాను. దూది, దాని వెనక పాత కంబళి ముక్కలు, మళ్ళీ దూది. పైనున్న గుడ్డ ముసుగు మొత్తం కత్తిరించి పారేశాను.

లోపల ఇంకో మహారాణి ఉంది. గట్టిగా, నున్నగా, అసలు మహారాణి. నా అంత మహారాణి!

ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచాను. తర్వాత నన్ను నేను కొలుచుకున్నాను. నమ్మలేక మళ్ళీ ఆవిణ్ణి కొలిచాను. తేడా లేకపోలేదు. నాదే ఓ వేలు ఎక్కువ.

"పిన్నీ!" అని నేను పెట్టిన కేకకి ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. నేలమీద దూది గుట్టని చూసి పిన్ని తల పట్టుకుని అక్కడే చతికిలపడింది.

"పాటగత్తె..." అంది నీరసంగా.

"ఏ పాటగత్తె?"

"నేను పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఒకావిడ స్టేజీ మీద పాడేది. భారీ మనిషి. ఆవిడ గౌన్ల కోసం బొమ్మ ఛాతీ పెంచమంది మీ అమ్మమ్మ. నా చేతుల్తో నేనే కుక్కాను ఈ దూది. ఆర్డరు అవగానే తీసేయమంది. రేపు తీద్దాంలే అనుకున్నా..."

"మరి తియ్యలేదేం?"

"ఈలోగా నాకు పెళ్ళి కుదిరింది. ఆ హడావిడిలో దూది సంగతే మరిచిపోయా."

"అయితే తప్పు నాదంటావా ఏంటి?" అన్నాడు బాబాయి అలవాటుగా. కానీ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఛాతీ దగ్గర వదులంటూ కొట్లవాళ్ళు గౌన్లు తిప్పి పంపినప్పుడల్లా "ఈ కాలం పిల్లలు తిండి తినరు" అని తీర్పు చెప్పింది ఆయనే. ఆ వదులు కనబడకుండా ముందు కుచ్చులు పెట్టి, అదే మన స్టైలు అన్నదీ ఆయనే. ఇప్పుడు ఆ దూది వైపు చూస్తూ, "ఎంతమందికి కుట్టాం మనం!" అని గొణిగాడు.

నాకూ అదే కళ్ళముందు తిరిగింది. నేనెప్పుడూ చూడని ఆడవాళ్ళు, ఎక్కడెక్కడో అద్దాల ముందు నిలబడి, మా గౌను వదులుని రెండు వేళ్ళతో పట్టుకుని, తప్పు తమ ఒంటిదే అనుకుని నిట్టూర్చి ఉంటారు.

"ఆపరేషన్ చేయించుకున్నదాన్ని పక్కన నిలబెట్టి ఇన్నాళ్ళూ నన్ను పలక అన్నావు కదా పిన్నీ!" అని అరిచాను. తిట్టడం తప్ప మరోటి తెలియని పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని, "ఆపరేషన్ ఇంక వద్దనుకున్నట్టేనా?" అంది.

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు. దూది లాగినంత తేలిగ్గా మనసులోది ఊడి వస్తుందా? కారణం అబద్ధమని తేలిపోయింది, కోరిక మాత్రం అక్కడే కూర్చుని ఉంది. అద్దంలో చూసుకుంటే పాత కళ్ళే చూస్తున్నాయి. డాక్టరమ్మకి ఫోన్ చేసి వద్దని చెప్పింది ఆ రోజు కాదు, కొత్త గౌను వేసుకున్నాక.

ఆ గౌను బాబాయి అసలు మహారాణి మీద కత్తిరించాడు. కుచ్చులు లేవు. పిన్ని ఎవరినీ ముట్టనివ్వకుండా తనే కుట్టి, నా చేతికివ్వడానికి ధైర్యం చాలక మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని తొడుక్కున్నాను. చెయ్యి అలవాటు కొద్దీ వదులు బట్ట కోసం ఛాతీ మీదకి వెళ్ళింది. పట్టుకుందామంటే బట్ట దొరకలేదు. మళ్ళీ తడుముకున్నాను. దొరకలేదు.

తలుపు అవతల నుంచి పిన్ని భయంభయంగా అడిగింది. "వదులుందా అమ్మా?"

"లేదు" అన్నాను. ఆ ఒక్క మాట బయటికి రాగానే బావురుమన్నాను. అవతల పిన్నీ ఏడుస్తోంది. ఆవిడ ఎందుకు ఏడ్చిందో ఆవిడకే తెలియాలి. నేను మాత్రం, ఇంత వయసొచ్చాక మొదటిసారి నా ఒంటికి సరిపోయే బట్ట కట్టుకున్నందుకు ఏడ్చాను.