గుత్తికి కొత్త మొహం

“ఎక్స్‌టెన్షన్ పోయింది బిడ్డా! మొత్తం పోయింది! నన్ను నడిబజార్ల నిలవెట్టి పోయింది!”

ముకుందం ఫోనులో అరిచిన ఈ అరుపు చేవెళ్ల బస్టాండు దాకా వెళ్లింది. వెళ్లిందే గాని ఎవరికీ సరిగ్గా చేరలేదు. వంకాయ విత్తనాల పొట్లం కోసం సురంగల్ నుంచి వచ్చి గల్లా పక్కన నిలబడ్డ ముత్తమ్మ చెవిలో ఆ మాట తల తెగిపోయి, తోక మాత్రమే పడింది. ఆ తోకకు ఆవిడ తన మనసులో రాత్రింబవళ్లు తిరిగే మాటనే తలగా అతికించుకుంది.

“ఓ దేవుడో! పింఛన్ పోయిందట!” అని గుండె బాదుకుంది. “సేటు బిడ్డకు ఫోన్ల చెప్తుండు. మొత్తం పోయిందట!”

బయట చెప్పుల వరుస ఉంది. మనుషులది కాదు, చెప్పులదే. యూరియా లారీ వస్తుందని తెలిసిన రైతులు తెల్లవారగానే వచ్చి, ముకుందం ఎరువుల దుకాణం గుమ్మం ముందునుంచి రోడ్డు దాకా ఎవరి చెప్పులు వాళ్లు వరసగా విడిచి, ఎదురుగా హోటల్ నీడలో కూర్చున్నారు. చెప్పు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. ఈ చట్టం ఏ కాగితంలోనూ లేదు, అయినా దాన్ని దాటిన మొనగాడూ లేడు. ముత్తమ్మ కేకకు చెప్పులు వరసలోనే ఉన్నాయి గాని, మనుషులే వరస తప్పి గుమ్మం మీద పడ్డారు.

“ఏం సేటూ, పింఛన్ గూడ బంద్ వెట్టిండ్రా?” అంటూ పక్క ఊరు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన శివయ్య అందరికన్నా ముందు దూసుకొచ్చాడు. “మా అవ్వ పానం వోతది! పింఛన్ సంగతి తర్వాత జూద్దాం గాని, ముందు లారీ ఎందుకు దింపుతలేవో చెప్పు. నిన్న వాన పడ్డది. పదును ఉండంగనే మక్కకు యూరియా పడాలె. రేపటికి భూమి ఆరుతది. గప్పుడు నీ బస్తా నెత్తిన వెట్టుకోవాల్నా?”

“జర ఆగు శివన్నా!”

“ఆగేది నేను కాదు, పదును!”

లారీ వచ్చి దుకాణం ముందే నిలబడి ఉంది. కాని సర్కారు ఎరువుల పోర్టల్‌లో ముకుందం లోడు వచ్చినట్టు ఎక్కిస్తే తప్ప ఒక్క బస్తా కిందికి దించకూడదు. పోర్టల్ సాయంత్రం ఐదింటికి మూసుకుంటుంది. అది మూసుకుంటే లారీ మొయినాబాద్ పోతుంది. డ్రైవర్ పేతురు ఆ మాట వచ్చీ రాగానే చెప్పి, టైరు మీద కాలు పెట్టి బీడీ వెలిగించాడు.

మొయినాబాద్ పోవడమంటే శ్యాంసుందర్ దుకాణానికి పోవడం. శ్యాంసుందర్ అంటే ముకుందం బావమరిది. ఒకప్పుడు ఈ దుకాణంలోనే భాగస్వామి, ఇప్పుడు భాగానికీ లేడు, స్వామికీ లేడు, మిగిలింది పగ మాత్రమే. ఆ లోడు అతని చేతిలో పడితే మక్కచేను మొహం చూడదు. మొయినాబాద్ పక్క కనకమామిడి ఊరి ఫామ్‌హౌస్‌లలో పట్నపోళ్ల పచ్చగడ్డి తినిపోతుంది. ‘మీ చేన్లకు నేనిస్త’ అని ముకుందం ఊరూరా చెప్పుకున్న మాట గడ్డిపాలవుతుంది.

ఇంతకూ పోయిందేమిటంటే గుత్తి.

సీడ్ కంపెనీకొక తాళం, మందుల కంపెనీకొక తాళం, కరెంటు బిల్లుకొకటి, పోర్టల్‌కొకటి. ఇన్ని పాస్‌వర్డులు బుర్రలో పెట్టుకోలేక తండ్రి జుట్టు పీక్కుంటుంటే, పట్నంలో ఉద్యోగం చేసే కూతురు స్వప్నిక దుకాణం కంప్యూటర్‌లో బ్రౌజర్ మూలకు ఒక ఎక్స్‌టెన్షన్ తగిలించి పోయింది. అన్ని పాస్‌వర్డులూ అదే దాచుకుంటుంది, అడిగినప్పుడు అదే గడిలో నింపుతుంది. ఇంట్లో దానికి గుత్తి అని పేరు పడింది. భార్య భాగీరథి తాళాల గుత్తి ఆమె నడుముకు వేలాడేది, ముకుందం గుత్తి తెర మూలకు వేలాడేది. రెండింటి మీదా ఆయనకు సమానమైన భయభక్తులుండేవి.

వాడే పద్ధతి కూడా సులువే. గుత్తి బొమ్మ నొక్కితే చిన్న పెట్టె దిగుతుంది. నిరుడు దసరాకు ఆయుధపూజలో భాగీరథి గంధం అద్ది, దానిమీద రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు తెరకు పెట్టింది. అది సరిగ్గా ఆ పెట్టెలో ‘ఫిల్’ అన్న బటన్ మీద పడింది. తుడవడమన్న మాట ఆ ఇంట్లో లేదు. కాబట్టి ఏడాదిగా బొట్టు మీద బాణం పెట్టి నొక్కడమే. చదివే పని లేదు, వెతికే పని లేదు. గుమస్తా సెలవు పెట్టినా, భాగీరథి గల్లా మీద కూర్చున్నా, ఎవరికైనా ఆయన చెప్పేది ఒకటే: “బొట్టు మీద నొక్కు, అయిపోతది.”

ఈరోజు పొద్దున ఆ గుత్తి కొత్త మొహం పెట్టుకుని వచ్చింది. ‘మీ కోసం సరికొత్త రూపం’ అని ఒక పలకరింపు. నిన్నటి పసుపు రంగు పోయి వంకాయ రంగు వచ్చింది. అక్షరాలు చీమకాళ్లంత సన్నబడి, తెల్లటి తెరమీద తెల్లగానే ఉన్నాయి. పేర్ల జాబితా ఎటో మాయమై, ఆ చోట ఒక నవ్వే బొమ్మ కూర్చుంది. ముకుందానికి ఆ నవ్వు చూస్తేనే ఒళ్లు మండింది.

“అప్‌డేట్ అంటే పైకి తెచ్చుడనుకున్న, నన్నే పైకి పంపేటట్టున్నది!” అని ఫోనులో గర్జించాడు. “ఇది పాస్‌వర్డ్ మేనేజరా? ఫెయిల్‌వర్డ్ డ్యామేజర్! ఎక్స్‌టెన్షన్ కాదు బిడ్డా, ఎక్స్‌ట్రా టెన్షన్!”

“నాన్నా, నేను మీటింగ్‌ల ఉన్న. మెల్లగ చెప్పు. ఫిల్ నొక్కినవా?”

“నొక్కిన!”

“గడిల చుక్కలు పడ్డయా?”

“పడ్డయి. పోర్టల్ ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటున్నది. నిన్న ఒప్పు, ఇయ్యాల తప్పు! నేను మార్చలే, మీ అమ్మ మార్చలే, మరెవడు మార్చిండు?”

“ఇంకోసారి ఫిల్ నొక్కు. నేను మళ్ల చేస్త,” అని స్వప్నిక పెట్టేసింది.

ముకుందం మళ్లీ నొక్కాడు. మళ్లీ తప్పు. “మీ చేతుల వాటం బాగలేదు, లేవుండ్రి,” అంటూ భాగీరథి వచ్చి కూర్చుని, బొట్టుకు ఓసారి దండం పెట్టి నొక్కింది. అదే తప్పు. పైగా పోర్టల్ ఎర్రటి అక్షరాలతో కళ్లెర్రజేసింది: ఇక ఒక్క ప్రయత్నమే మిగిలి ఉంది, అదీ తప్పితే రేపటి దాకా తలుపు మూత.

“నీ దండానికి దండన వడ్డది సూడు!” అని ముకుందం భార్య మీద విరుచుకుపడ్డాడు.

“నన్నంటరేంది? ఆ నవ్వే బొమ్మననుండ్రి!”

గుమ్మంలో గోల పెరిగింది. ఎవరో ఎవరికో ఫోన్లు చేయగా ఇద్దరు ముసలివాళ్లు ఆటో దిగి ముత్తమ్మ పక్కన చేరారు. “ఎన్నేండ్ల సంది వస్తున్న పైసలు! ఏ పాపాత్ముడు బంద్ వెట్టిండే?” అని ముత్తమ్మ రాగం తీస్తోంది. లోపల కంప్యూటర్ ముందు సేటు కూర్చున్నాడు కాబట్టి, ఆ పాపాత్ముడెవరో ఊహించుకోవడం వాళ్లకు కష్టం కాలేదు.

“సేటే తీసేసిండంట, కంప్యూటర్‌ల నొక్కి!” అంది ఒకావిడ.

“నేనేం నొక్కలే అవ్వా! నేను నొక్కింది పడ్తనే లేదు!” అన్నాడు ముకుందం. అందులో రెండో సగమే వాళ్లకు వినిపించింది. నొక్కాడని తేలిపోయింది.

‘పాస్‌వర్డ్ మరిచిపోయారా’ అని పోర్టల్‌లో ఒక దారి ఉంది. దాన్ని నొక్కితే ఫోనుకు నంబరు వస్తుంది. ఆ ఫోను మాత్రం ముకుందానిది కాదు. భాగస్వామ్యం రోజుల్లో పోర్టల్‌లో దుకాణం పేరు ఎక్కించిందీ, ఫోను నంబరు ఇచ్చిందీ శ్యాంసుందరే. విడిపోయినప్పుడు తక్కెడ పంచుకున్నారు, గోనెసంచులు పంచుకున్నారు, ఫోను నంబరు మార్చడం మాత్రం మరిచారు. పళ్లు కొరుక్కుంటూ ఆ దారే నొక్కి, బావమరిదికే ఫోన్ చేశాడు.

“ఏం బావా! నీ దుకాణం ముంగట జాతర జరుగుతున్నదట?”

“కథలు వద్దు. నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చిందా, లేదా?”

“ఓటీపీనా? ఓపిక వట్టు బావా. ఈడ సిగ్నల్ లేదు.”

“సిగ్నల్ లేకుంటే నాతోని ఎట్ల మాట్లాడుతున్నవ్ రా?”

“మాట వస్తది, మెసేజ్ రాదు. మొయినాబాద్‌ల గట్లనే ఉంటది.” అవతల నవ్వు చప్పుడైంది. “ఒక పని చెయ్యి. లారీని ఇటు మళ్లియ్యి. అది మా దుకాణం మలుపు తిరగంగనే సిగ్నల్ దానంతట అదే వస్తది. ఫామ్‌హౌస్‌లోళ్లు లాన్ ఎండుతున్నదని పానం తింటుండ్రు.”

భాగీరథి మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది. “శ్యామూ! గడ్డికి వేసి మనుషులను ఎండవెడతవా? ఈసారి రాఖీకి రా నువ్వు! దారం కాదు, తాడు కడత!” అని పెట్టేసింది. పెట్టేశాక గాని, ఆ దారి కూడా మూసుకుందని ఆమెకు తట్టలేదు.

స్వప్నిక మళ్లీ ఫోన్ చేయనే లేదు, గడియారం నాలుగు దాటింది. పేతురు బీడీ పారేసి లారీ ఎక్కి కూర్చున్నాడు. “సేటూ, స్టార్ట్ చేస్తున్న. మొయినాబాద్ సేటు ఇందాకనే ఫోన్ చేసిండు.”

“చేస్తే టైర్ల గాలి తీస్త!” అని శివయ్య లారీకి అడ్డంగా నిలబడ్డాడు. నిలబడి, కోపం మాత్రం లోపలికే విసిరాడు. “మాటిచ్చినవ్ సేటూ! మూడూర్లు తిరిగి మాటిచ్చినవ్! ఇప్పుడు ఓ మూలకున్న బొమ్మ నవ్విందని చేతులెత్తేస్తవా? రేపటి సంది నీ దుకాణం గడప తొక్కితే నా పేరు శివయ్య కాదు.”

ముకుందం ముఖం బొట్టు రంగుకు వచ్చింది. తిట్టడానికి గుత్తి కంపెనీ వాడు దొరకడు, కొట్టడానికి శ్యాంసుందర్ దొరకడు. దొరికింది తెరే. భుజం మీది తువ్వాలు తీసి తెర మీదికి వెళ్లాడు.

“ఏం చేస్తుండ్రు?” భాగీరథి గొంతు కీచుమంది.

“ఆ చీమకాళ్ల అక్షరాలు ఏం ఏడుస్తున్నయో చదువుత. బొట్టు అడ్డమున్నది, తుడుస్త.”

“నేను బతికుండంగ బొట్టు తుడుస్తరా? అదీ పదిమందిల? లక్ష్మి ఉన్న దుకాణంల ఆడదాని ముంగట బొట్టు మీద చెయ్యేస్తరా?” ఆమె రెండు చేతులూ చాపి తెరకు అడ్డం నిలబడింది. బయట నిమిషం కింద సేటును తిట్టిన ఆడవాళ్లందరూ ఇప్పుడు మరింత గట్టిగా తిట్టారు.

ఏమీ చేయలేక, ముకుందం ఆ కసినంతా కంప్యూటర్ మౌస్ అనే ఎలుక మీద చూపించాడు. బల్లకేసి టపటపా రెండు దెబ్బలు కొట్టాడు. తెర పైఅంచున ఉన్న బాణం ఆ రెండు దెబ్బలకు బ్రౌజర్‌ను సగానికి కుదించేసింది. గుత్తి బొమ్మ కుడి మూల వదిలి, నడిమధ్యకు జరిగింది. ‘ఇదీ నాశనమైంది’ అనుకుంటూ ఆయన దాన్ని నొక్కాడు. పెట్టె ఈసారి బొట్టుకు జానెడు దూరంలో దిగింది.

బొట్టు చోట బొట్టు ఉంది. దాని కింద ఇన్ని గంటలూ దాక్కున్న బటన్ బట్టబయలైంది. ముకుందం కళ్లద్దాలు పైకి తోసి, ముక్కు తెరకు ఆనేలా వంగి, కూడబలుక్కుని చదివాడు.

‘జనరేట్ న్యూ పాస్‌వర్డ్.’

“భాగీ,” అన్నాడు. గొంతు ఒక్కసారిగా దిగింది. “ఫిల్ ఎక్కడున్నది?”

వెతికారు. ఫిల్ అట్టడుగున, నవ్వే బొమ్మ చెప్పుల దగ్గర, ఆవగింజంత గుర్తై కూర్చుని ఉంది. అంటే పొద్దుటి నుంచి బొట్టు మీద నొక్కిన ప్రతిసారీ గుత్తి పాత తాళంచెవి ఇవ్వలేదు, అప్పటికప్పుడు ఒక కొత్త తాళంచెవిని చేసి గడిలో పెట్టింది. చుక్కల వెనక ఏముందో ఎవరు చూస్తారు?

మిగిలింది ఒక్క ప్రయత్నం. ముకుందం బాణాన్ని ఆవగింజ మీదికి తెచ్చాడు. భాగీరథి ఆయన చెయ్యి మీద చెయ్యేసి, “నొక్కుండ్రి,” అంది. గుమ్మంలో ఉన్నవాళ్లకు విషయం తెలియకపోయినా, ఆ ఇద్దరి వాలకం చూసి ఒకరి మీద ఒకరు పడి లోపలికి తొంగిచూశారు.

నొక్కాడు. చుక్కలు పడ్డాయి. అదే చుక్కలు, ఏ తేడా లేదు. లాగిన్ నొక్కాడు.

తలుపు తెరుచుకుంది.

“పేతురూ, బండి ఆపు! దింపుండ్రి!” అన్న ముకుందం కేక ఈసారి బస్టాండు దాటింది. శివయ్య అప్పటికే లారీ వెనక తలుపు గొళ్లెం లాగుతున్నాడు.

బస్తాలు దిగుతున్నా ముత్తమ్మ రాగం దిగలేదు. ముకుందం గల్లా స్టూలెక్కి రెండు చేతులూ పైకెత్తాడు.

“ఇనుండ్రి అందరు! అవ్వా, నువ్వు గూడ ఇను! పోయింది పింఛన్ కాదు, ఎక్స్‌టెన్షన్! అంటే ఈ కంప్యూటర్‌ల ఉన్న తాళాల గుత్తి. నిన్నటి దాక బొట్టు కింద ఫిల్ అనే బటన్ ఉండె. ఏ పనీపాటా లేనోడో రాత్రికిరాత్రి దాన్ని తీసి అడుక్కు తోసి, ఆ జాగల తాళం మార్చే బటన్ వెట్టిండు. మేం బొట్టును నమ్మి నొక్కినం, అది తాళాలు మార్చుకుంట పోయింది. నేను ఫోన్ల దాన్నే తిట్టిన, ఈ అవ్వ పింఛన్ అనుకున్నది. ఎవ్వలి పింఛన్ ఏడికి పోలే!”

“అంటే,” అన్నాడు శివయ్య బస్తా భుజానికెత్తుకుంటూ, “పొద్దట్నుంచి తాళం నువ్వే మార్చి, తాళం పడ్తలేదని ఊరంతా తిట్టినవ్?”

“బటన్ జాగ మార్చినోన్ని తిట్టిన! ఇంక తిడత! మనిషి అలవాటును అడగకుండ ఎట్ల మారుస్తరు?” ముకుందం ఏమాత్రం తగ్గలేదు.

ముత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, పక్కనున్న ఇద్దరినీ చూసి, మళ్లీ సేటును చూసింది.

“నా పింఛన్ ఉన్నదా?”

“ఉన్నది అవ్వా.”

“మరి నన్నెందుకు గింతసేపు ఏడిపిచ్చినవ్?” అని గుమ్మం వైపు చెయ్యి చాపింది. అక్కడ, చెప్పుల వరుసకంతటికీ ముందు, గడపకు ఆనుకుని ఆమె ఎర్ర రబ్బరు చెప్పులున్నాయి. విత్తనాల కోసం లోపలికొస్తూ విడిచినవి. “నా చెప్పులే ముంగట ఉన్నయి. మొదటి బస్తా నాది. శివయ్యా, భుజం మీదిది దింపు.”

శివయ్య చెప్పులను చూశాడు, సేటును చూశాడు. పళ్లు నూరుతూ బస్తా దింపాడు.